బడికి పోయే దారి



మా పాలెంలో నన్ను ఇప్పటికీ టీచరమ్మ అనే పిలుస్తారు. ముప్పై నాలుగేళ్లు పిల్లలచేత అక్షరాలు దిద్దించి 2016లో రిటైరయ్యాను. ఆ రోజు దండలు వేశారు, శాలువా కప్పారు, నేను చేసిన మేలు గురించి నలుగురూ నాలుగు మంచి మాటలు చెప్పారు. అయితే నేను చేసిన పొరపాటు కూడా ఒకటి ఉంది. దాని గురించి ఆ రోజున ఎవరూ చెప్పలేదు. అది పొరపాటని అప్పటికి నాకే తెలియదు. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో టీచర్లున్నారు, పంచాయతీ మెంబర్లున్నారు, సంఘ పెద్దలున్నారు, బడి కమిటీల్లో కూర్చునే తల్లులున్నారు. నా పొరపాటు మీ ఊరి పిల్లలకు ఉపయోగపడవచ్చునని ఇది వ్రాస్తున్నాను.

గుడి పక్క బడి

మా తాతల కాలంలో పాలెం పిల్లలను ఊరి బడిలోకి రానిచ్చేవారు కారు. రానిచ్చిన చోట కూడా అరుగు కింద ఎండలో కూర్చోబెట్టేవారు. అలాంటి రోజుల్లో మిషనువారు ఒక పని చేశారు. పిల్లలు బడికి పోలేరు గనుక బడినే పాలేనికి తెచ్చారు. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టిన తరువాత, ఆ వెనుక వచ్చిన మిషనుల కాలంలోనూ, మన జిల్లాల్లో ఎన్నో పాలేలకు బడి వచ్చింది ఈ విధంగానే. ఒకే పాక పగలు బడి, సాయంత్రం ప్రార్థన స్థలం. బోధకుడే పంతులు. బడి ఎక్కడ పెడితే ఎవరు చదువుకుంటారో ఆ పెద్దలకు బాగా తెలుసు. బడి పెట్టిన చోటులోనే వాళ్లు చేయదలచిన మేలు సగం ఉంది.

నేను అఆలు నేర్చుకున్నది అలాంటి బడిలోనే. గుడి పక్కన పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, దానికి వేలాడే ఇనుప పట్టా. పంతులుగారు దాన్ని కొడితే పాలెం అంతా వినబడేది. గంట విన్నాక చద్దన్నం ముద్ద మింగి పరుగెత్తినా అందుకునేవాళ్లం. మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం తిని వచ్చేవాళ్లం. పిల్లవాడికి జ్వరమొస్తే వేపచెట్టు కింద కూర్చున్న ఏ ముసలాయనో చంకనేసుకుని ఇంటి దగ్గర దించి వచ్చేవాడు. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో సాయంత్రానికి పంతులుగారికి తెలిసేది. మిషను తరువాత అదే చోట పంచాయతీ సమితి వారి బడి నడిచింది. ఉద్యోగం వచ్చి నేను కూడా ఆ బడికే తిరిగి వచ్చాను.

ఐదో తరగతి తరువాత మాత్రం కథ వేరు. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. డొంక వెంట మూడు కిలోమీటర్లు. పోను మూడు, రాను మూడు. దారి పొడుగునా రేగిపళ్లు, ఈతకాయలు, చింతచిగురు ఉండేవి. ఎక్కాలు వల్లిస్తూ, పాటలు పాడుకుంటూ, తగవులు పడుతూ పోయేవాళ్లం. ఒకసారి లెక్క వేసి చూశాను. రోజుకు ఆరు కిలోమీటర్లు, ఏడాదికి 220 బడి రోజులు, అయిదేళ్లు. మొత్తం 6,600 కిలోమీటర్లు. విజయవాడ నుంచి హైదరాబాదుకు పన్నెండుసార్లు పోయి వచ్చినంత! ఎవరూ మమ్మల్ని వ్యాయామం చేయమని చెప్పలేదు. మేము చేశామని మాకూ తెలియదు.

ఇది చెప్పి ఆ రోజులే బాగున్నాయని అనడం నా ఉద్దేశం కాదు. నాతో అయిదు పాసైన ఆడపిల్లలం ఏడుగురం. డొంక దాటి హైస్కూలుకు పోయింది ఇద్దరమే. మిగతా అయిదుగురికీ చదువు రాక కాదు, దూరం వల్ల ఆగిపోయారు. వాగు పొంగితే ఎలా, చీకటి పడితే ఎలా, పెద్దమనిషి అయితే ఎలా అని ఇళ్లల్లో భయం. మా నాయన వానాకాలంలో నన్ను భుజం మీద వాగు దాటించేవాడు గనుక నేను టీచర్ని అయ్యాను. నా పక్కన కూర్చున్న పిల్ల, నాకంటే లెక్కలు బాగా చేసేది, పద్నాలుగో ఏట పెళ్లయి పోయింది.

రోడ్డు మీది బడి

2004 నాటికి మా బడికి నేనే హెడ్‌మిస్ట్రెస్‌ని. పెంకులు జారిపోయి గదులు కారుతుండేవి. వాన పడితే ఐదు తరగతులూ ఒకే గదిలో సర్దుకోవాలి. ఉన్న స్థలం పన్నెండు సెంట్లు. ఆటస్థలం లేదు. ఇలా ఉండగా ఊరి మోతుబరి ఒకాయన హైవే పక్కన ఎకరం పొలం బడికి ఇస్తానన్నారు. భవనానికి డబ్బు మంజూరైంది. గ్రామసభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు.

నేను గొప్పగా మాట్లాడాను. నాలుగు గదులు, మరుగుదొడ్లు, పిల్లలు పరుగెత్తడానికి విశాలమైన స్థలం, రోడ్డు మీద పోయే వాళ్లందరికీ కనిపించే బడి అని చెప్పాను. పాలెం నుంచి ఒక ముసలాయన లేచి, "అమ్మా, పిల్లకాయలు అంత దూరం ఎట్టా పోతారు?" అన్నాడు. "రెండు కిలోమీటర్లే గదా తాతా, మేము మూడు పోలేదా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన ఇంకేమీ అనకుండా కూర్చున్నాడు.

నేను పోయింది పదకొండేళ్ల వయసులో. ఆయన అడిగింది ఆరేళ్ల పిల్లల గురించి. నేను నడిచింది ఎడ్లబండ్లు పోయే డొంకలో. వీళ్లు నడవవలసింది లారీల పక్కన. ఈ తేడా నాకు ఆ రోజు తట్టలేదు. కొత్త భవనం మీద ఉన్న మోజు అటువంటిది. తీర్మానం కింద మొదటి సంతకం నాదే. బడి వచ్చాక దాని పక్కన పొలాలు ప్లాట్లయి మంచి ధర పలికాయి. ఆ సంగతి కూడా తరువాతే అర్థమైంది.

ఇంకో రెండేళ్లకు ప్రహరీగోడకు డబ్బు వచ్చింది. గేటు ఎక్కడ పెట్టాలని మేస్త్రీ అడిగితే, జీపులో వచ్చే అధికారులకు వీలుగా ఉంటుందని రోడ్డు వైపు పెట్టించాను. వెనకవైపు పొలాలు, డొంక. గేదెలు రాకుండా అటు గోడ మూసెయ్యమన్నాను.

2009లో, రోడ్డు వెడల్పు చేశాక, మూడో తరగతి పిల్లవాడు ఒకడు రోడ్డు దాటుతుండగా లోడు ట్రాక్టరు తగిలింది. దేవుని దయవల్ల ప్రాణం దక్కింది. కాలు విరిగి ఆరు నెలలు మంచంలో ఉన్నాడు. ఇప్పుడు పెద్దవాడై పనులకు పోతున్నాడు గాని ఆ కుంటి నడక అలాగే ఉంది. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు ఐదోవంతు నడిచిపోయేవాళ్లేనని ప్రభుత్వ లెక్క. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు ఆ పిల్లవాడి సంచీ గుర్తుకు వస్తుంది. రోడ్డు మీద పలక ముక్కలు ఏరింది నేనే.

ఆ ప్రమాదం తరువాత ఏ తల్లీ పిల్లను నడిపించలేదు. నేనూ నడిపించమని చెప్పలేకపోయాను. డబ్బున్నవాళ్లు ఆటో మాట్లాడుకున్నారు. ఒక్కో ఆటోలో పన్నెండు మంది, పద్నాలుగు మంది. డబ్బు లేనివాళ్ల పిల్లలు పని లేని రోజున తండ్రి సైకిలు మీద వచ్చేవారు, పని ఉన్న రోజున రాలేదు. కొన్నాళ్లకు టౌనులోని ప్రైవేటు స్కూలు పసుపు బస్సు సరాసరి పాలెం మొదటికి వచ్చి నిలబడింది. ఎలాగూ బండి ఎక్కించాలి, ఏ బండి అయితేనేం అనుకున్నారు జనం. అప్పులు చేసి ఫీజులు కట్టారు. 140 మంది ఉన్న మా బడి నేను రిటైరయ్యేనాటికి 38 మందికి వచ్చింది. కట్టించిన విశాలమైన ఆటస్థలంలో పల్లేరు మొలిచింది.

బడితోపాటు పాలెం కూడా మారింది. సాయంత్రం నాలుగు గంటలకు గోలగోలగా వినబడే సందడి పోయింది. వేపచెట్టు కింద ముసలివాళ్లు ఒంటరివాళ్లయ్యారు. పిల్లలు బస్సు దిగి టీవీ ముందు, ఇప్పుడైతే ఫోను ముందు కూర్చుంటున్నారు. రోడ్డు మీద బడి గనుక ఎదురుగా షాపులు లేచాయి. ఇంటికి పోయి అన్నం తినివచ్చిన తరం పోయి, కారపు చిప్సు పాకెట్లూ కూల్‌డ్రింకులూ కొనుక్కునే తరం వచ్చింది.

డాక్టరుగారి ప్రశ్న

2021లో నాకు షుగరు ఉన్నదని తేలింది. మరుసటి సంవత్సరం మా మనవడిని కూడా అదే డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయాము. వాడికి ఎనిమిదేళ్లు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. వయసుకు మించిన బరువు. మేము టానిక్కు వ్రాస్తారనుకున్నాము. ఆయన కాగితం పక్కన పెట్టి, "పిల్లవాడు రోజుకు ఎంత నడుస్తాడు?" అని అడిగారు.

నా కోడలు నా ముఖం చూసింది, నేను దాని ముఖం చూశాను. ఇంటి గుమ్మం నుంచి బస్సు ఆగే చోటికి ముప్పై అడుగులు. బస్సు దిగిన చోటు నుంచి తరగతికి మరో యాభై. సాయంత్రం మళ్లీ అంతే. అదే వయసులో మేము ఎంత నడిచామో, ఎంత పరుగెత్తామో వ్రేళ్ల మీద లెక్క పెట్టలేము.

అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలపాటు శరీరం బాగా కదిలే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చురుకైన నడక ఆ లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు బడి దూరంతో ఈ లెక్క కట్టి చూడండి. బడి ఒక కిలోమీటరు దూరంలో ఉంటే పిల్లవాడికి పోను పావుగంట, రాను పావుగంట. అంటే రోజుకు కావలసిన దానిలో సగం, పైసా ఖర్చు లేకుండా, ప్రత్యేకంగా వేళ కేటాయించకుండా, బడికి పోవడంలోనే తీరిపోతుంది. మిగతా సగం ఆటలో వస్తుంది. అదే బండి ఎక్కిస్తే ఆ అరగంటను ఇంకెక్కడి నుంచో తేవాలి. ట్యూషన్లూ హోంవర్కుల మధ్య ఎవరూ తేలేరు.

ఇది పట్నంవాళ్ల జబ్బు, మనకు రాదు అనుకునే రోజులు పోయాయి. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు వ్యాధి ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలివారు చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మా పాలెంలో వీధికి నలుగురు మాత్రలు మింగుతున్నారు. నడక మానడం ఒక్కటే దీనికి కారణం అని నేననను. పాలిష్ బియ్యం ఉంది, మద్యం ఉంది, దిగులు ఉంది. కానీ చిన్ననాడు కాళ్లకు అలవాటు కానిది పెద్దయ్యాక అలవాటు కావడం ఎంత కష్టమో నా మోకాళ్లకు తెలుసు.

మా అక్క కూతురు అమెరికాలో టెక్సాసులో ఉంటుంది. వాళ్ల మేడ మీద నుంచి చూస్తే బడి కనిపిస్తుందట. అయినా పిల్లను కారులోనే దింపుతుంది. మధ్యలో పెద్ద రోడ్డు, నడవడానికి పక్కదారి లేదు. ఆ దేశంలో 1969లో 5 నుంచి 14 ఏళ్ల పిల్లలలో నూటికి 48 మంది నడిచో సైకిలు మీదో బడికి పోయేవారు. 2009 నాటికి నూటికి 13 మందే. ఊరి మధ్య ఉన్న చిన్న బడులు మూసి, ఊరి అంచున విశాలమైన స్థలాల్లో పెద్ద బడులు కట్టడం దానికి ఒక ముఖ్యమైన కారణం. విశాలమైన స్థలం! 2004లో నేను గ్రామసభలో చెప్పిన మాట కూడా అదే.

మన చట్టం ఈ సంగతి గుర్తించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడి కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. అయినా 2022లో మన ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపినప్పుడు ఎన్నో ఊళ్లలో తల్లిదండ్రులు పిల్లలతో సహా వచ్చి నిరసన తెలిపారు. చదువు బాగుంటుందా లేదా అన్న దానికంటే వారి నోట ముందుగా వచ్చిన మాట రోడ్డు, కాలవ, రైలు గేటు. ఆ విధానాన్ని 2025లో మార్చి బడులను మళ్లీ సర్దారు. ఏ ప్రభుత్వం ఏ కారణంతో మార్చినా, కాగితం మీద గీసిన దూరం వేరు, ఆరేళ్ల పిల్ల అడుగులతో కొలిచే దూరం వేరు.

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి బాలికలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించారు. హైస్కూలులో చేరిన ఆ వయసు బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని, బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న గ్రామాలలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించిందని తేల్చారు. అది చదివి నా చిన్ననాటి అయిదుగురు స్నేహితురాళ్లను తలచుకున్నాను. వాళ్లకు తక్కువైంది తెలివి కాదు, ఒక సైకిలు.

వెనక గోడ

డాక్టరుగారు మనవడితోపాటు నన్ను కూడా రోజూ నడవమన్నారు. రోడ్డు మీద భయం గనుక ఒక రోజు ఉదయం గుడి వెనుక నుంచి పాత డొంక పట్టాను. పాతికేళ్లుగా ఎవరూ నడవక సర్కారు తుమ్మ మూసేసింది. ఒకటి రెండు చోట్ల పొలంవాళ్లు గట్టు కలిపేసుకున్నారు. చేతికర్రతో ముళ్లు తప్పించుకుంటూ, చీర చెంగు చింపుకుంటూ పోయాను. కొంత దూరం పోయాక ఎదురుగా ఒక గోడ. గోడ అవతల పిల్లలు ఎక్కం చదువుతున్నారు.

అది మా బడి. నేను నిలబడింది దాని వెనక గోడ దగ్గర.

గడియారం చూసుకున్నాను. ఆగి ఆగి వచ్చినా ఇరవై నిమిషాలు. తరువాత మా అబ్బాయి ఫోనులో కొలిచి చూశాడు. గుడి నుంచి ఆ గోడకు తొమ్మిది వందల మీటర్లు. ఒక్క పెద్ద రోడ్డు కూడా దాటక్కరలేదు. రోడ్డు చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు అనుకున్నది, డొంక వెంట కిలోమీటరు కూడా లేదు. పద్దెనిమిదేళ్లపాటు ఈ పాలెం పిల్లలను లారీల మధ్య నడిపించింది, ఆటోలలో కుక్కింది, బడి మాన్పించింది ఆ దూరం ఒక్కటే కాదు. ఒక గోడ. ఆ గోడ నేను కట్టించాను. గేదెలు రాకుండా.

అక్కడే గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. గ్రామసభలో లేచిన ఆ ముసలాయన అప్పటికే కాలం చేశాడు. వెళ్లి తప్పయిందని చెప్పుకోవడానికి మనిషి లేడు.

ఇంటికి వచ్చి ఊరుకోలేదు. ఇప్పటి హెడ్మాస్టరుగారితో మాట్లాడాను. పేరెంట్స్ కమిటీలో తల్లులతో, సర్పంచిగారితో మాట్లాడాను. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. వెనక గేటు పెడితే తాగుబోతులు వస్తారన్నారు. డొంకలో పాములన్నారు. గట్టు కలుపుకున్న రైతులు ముఖం చాటేశారు. ఆటో నడిపే అబ్బాయి వచ్చి, "టీచరమ్మా, నా పొట్ట కొడతారా?" అని అడిగాడు. ఆ అబ్బాయి నా దగ్గర చదువుకున్నవాడే. అతనికి తగిన జవాబు నా దగ్గర లేదు. దూరపు కాలనీ పిల్లలు ఇప్పటికీ అతని ఆటోలోనే వస్తున్నారు గనుక కొంత నిలదొక్కుకున్నాడు. అయినా అతను నష్టపోలేదని చెబితే అబద్ధమవుతుంది.

2023 వేసవిలో మా సంఘ యౌవనస్థులు మూడు శనివారాలు తుమ్మ కొట్టారు. పంచాయతీవారు గ్రావెలు తోలించారు. సర్వేయరు వచ్చి రాళ్లు పాతాక గట్టు వెనక్కు జరిగింది. గోడ కొట్టి చిన్న ఇనుప గేటు పెట్టించాము. దానికి అయిన ఖర్చు మేము ఏటా క్రిస్మస్‌కు గుడి మీద వెలిగించే లైట్ల ఖర్చు కంటే తక్కువ. బడి వేళల్లో తప్ప గేటుకు తాళం. తాళంచెవి వంటమనిషి దగ్గర ఉంటుంది.

జూన్‌లో బడి తెరిచిన రోజున గుడి దగ్గర ఆరుగురు పిల్లలు, నేను, మరో ఇద్దరు పెద్దవాళ్లం బయలుదేరాము. ముందు ఒకరు, వెనుక ఒకరు, మధ్యలో పిల్లలు. దారిలో ఒక్కో ఇంటి ముందు ఆగి పిలుచుకుంటూ పోతాము. ఇప్పుడు ముప్పై మంది దాకా నడుస్తున్నారు. మేము ఎనిమిది మంది పెద్దవాళ్లం వంతులు వేసుకున్నాము. అందులో అయిదుగురం షుగరు మాత్రలు మింగేవాళ్లమే! నా మాత్రలు ఆగలేదు గాని, మోకాలి నొప్పి తగ్గింది, రాత్రి నిద్ర పడుతోంది. ఒంటరిగా మంచానికి అంటుకుపోయిన ఒక వితంతు సహోదరి ఈ వంతు కోసం తెల్లవారుజామునే తల దువ్వుకుని కూర్చుంటుంది. నడిచి వచ్చిన పిల్లలు మొదటి గంటలో కునికిపాట్లు పడడం లేదని కొత్త టీచరమ్మ చెప్పింది.

మా మనవడి సంగతి కూడా దాచను. వాడిని ఈ బడికి మార్చడానికి మా అబ్బాయి ఒప్పుకోలేదు. ఆ విషయంలో ఇంట్లో చాలా మాటలే అయ్యాయి. చివరికి ఒకటి కుదిరింది. సాయంత్రం పసుపు బస్సు పాలెం దాకా రాకుండా బడి ఎదురుగా, గేటు ఉన్న వైపునే వాడిని దించుతుంది. అక్కడి నుంచి మిగతా పిల్లలతో కలిసి డొంక వెంట వస్తాడు. మొదట కాళ్లు నొప్పులని ఏడ్చాడు. ఇప్పుడు జేబునిండా రేగిపళ్లతో వస్తున్నాడు. బరువు ఇంకా ఎక్కువే. ఆయాసం మాత్రం తగ్గింది.

గేటు పెట్టిన రోజున చూడడానికి వచ్చినవాళ్లలో ఆ కాలు విరిగిన పిల్లవాడి తల్లి కూడా ఉంది. గేటు చువ్వ పట్టుకుని కాసేపు నిలబడింది. తరువాత నా వైపు తిరిగి, "ఇది అప్పుడే పెడితే బాగుండేది టీచరమ్మా" అంది. కోపంగా అనలేదు. నేను, "అవునమ్మా, నాకు తట్టలేదు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మరునాడు మాత్రం తన మనవరాలిని పంపించింది.

ప్రియ సోదరీ సోదరులారా, మీ ఊళ్లో బడికి స్థలం చూస్తున్నారా? పాత బడిని కొత్త చోటికి మారుస్తున్నారా? స్థలం ఎంత ఉంది, భవనం ఎంత బాగుంది అన్నదానికి ముందు, ఊరిలో అన్నిటికంటే చిన్న పిల్ల చెయ్యి పట్టుకుని, అన్నిటికంటే దూరపు ఇంటి నుంచి ఆ స్థలానికి ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ రోడ్డు దాటాలో, ఎక్కడ నీడ లేదో, వానాకాలం ఎక్కడ నీళ్లు నిలుస్తాయో చూడండి. ఉచితంగా వచ్చిన స్థలమైనా పిల్లలు రోజూ దాని వెల కట్టవలసి వస్తుందేమో ఆలోచించండి. బడి ఎప్పుడో కట్టేశారు, ఇప్పుడేం చేస్తాము అంటారా? అయితే దాని గోడ చుట్టూ ఒకసారి తిరిగి రండి. పిల్లలు ఏ వైపు నుంచి వస్తున్నారో, గేటు ఏ వైపు ఉందో చూడండి. మూసుకుపోయిన డొంక ఎక్కడైనా ఉందేమో పెద్దవాళ్లను అడగండి. సభలో లేచి ప్రశ్న వేసే ముసలాయనను చూసి నవ్వకండి.

మన తాతలు బడిని పిల్లల దగ్గరకు తెచ్చారు. మనం దానిని దూరం చేశాము. పూర్తిగా తిరిగి తేలేకపోయినా, దారి అయినా తెరవగలము. దేవుడు మీ పిల్లలను వచ్చుటలోను పోవుటలోను కాపాడును గాక.